అరిగిపోతుందని

"ఏమీ లేదండీ, ఖాళీ," అంటూ రిపేరు షాపతను పెన్‌డ్రైవ్ ఊడబీకాడు.

"వాళ్ళమ్మ పోయేముందు పిల్లకోసం ఇందులో మాట్లాడిపెట్టింది బాబూ! పన్నెండేళ్ళుగా బీరువాలోంచి తియ్యనేలేదు," అన్నాడు తండ్రి.

"అదే కొంప ముంచింది. కరెంటు తగలకుండా ఏళ్ళతరబడి పడుంటే లోపలిది దానంతటదే చెరిగిపోతుంది. మధ్యమధ్యలో తీసి ఇంకోదాంట్లోకి ఎక్కించుకోవాల్సింది."

పక్కనే నిలబడ్డ కూతురికి ఏడుపు కూడా రాలేదు. ఒక్కసారి వింటానని చిన్నప్పుడు కాళ్ళావేళ్ళా పడితే, "అరిగిపోతుందమ్మా, నీ పెళ్ళినాడు విందాం" అనేవాడు. పెళ్ళి రేపే.

"పోనీ, అమ్మ ఏం చెప్పిందో నువ్వు చెప్పు నాన్నా."

"నాకేం తెలుసమ్మా?"

"తలుపేసుకుని నువ్వొక్కడివే వింటున్నావనుకునేగా, నేను ఇన్నాళ్ళూ నీతో సరిగ్గా మాట్లాడలేదు."

"నీకంటే ముందు నేనెలా వింటాను?" అంటూ ఆయన ఆ ఖాళీ పెన్‌డ్రైవ్‌ను చుట్టి తెచ్చిన జేబురుమాలులోనే మళ్ళీ జాగ్రత్తగా చుట్టాడు.