గంగలో వదిలిన మిరపకాయ బజ్జీ

పున్నమ్మ సంచిలో రెండు పంచెలు పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

“అట్లా పెట్టి తీస్తుంటే బస్సు వెళ్ళిపోద్ది,” అన్నాడు మంచం మీద నుంచి భర్త సత్యనారాయణమూర్తి. “పోతే పోనీలే. కాశీ ఎక్కడికీ పోదు, వచ్చే ఏడు చూసుకోవచ్చు.”

“వచ్చే ఏటికి మీరుండొద్దూ!” అనేసి పున్నమ్మ నాలిక్కరుచుకుంది. ఆ వెంటనే సంచి పక్కన చతికిలబడి కళ్ళొత్తుకుంది.

ఆమెకు రెండు వైపులా భయమే. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని చిన్నప్పటి నుంచీ విన్నది. పోనీ ఇంట్లో ఉంచుకుందామంటే హనుమాన్ జంక్షన్‌లో మిరపకాయ బజ్జీలున్నాయి. లారీలకు మామిడికాయ ఎత్తించే వంకతో మూర్తి సీజనంతా అక్కడే కాపురం పెట్టాడు. ఇంటి నుంచి క్యారియరు పంపితే క్లీనర్లకు పెట్టేసేవాడు. “అన్నం కలుపుకు తినాలంటే అరగంట. బజ్జీకి అర నిమిషం,” అనేవాడు. అట్లా పొద్దున ఆరు, మధ్యాహ్నం పది, లారీ కదిలాక ఇంకో నాలుగు. సీజను అయిపోయినా జంక్షన్ మానలేదు. పోయిన నెల్లో ఒక రోజు, పద్నాలుగో బజ్జీ చేతిలో ఉండగానే గుండె పట్టుకుని బల్ల మీద ఒరిగిపోయాడు.

డాక్టరు రామచంద్రరావు చేతికి పట్టీ బిగించి చూసి పెదవి విరిచాడు. “శెట్టిగారూ, మరిగిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగించి వేసిన సరుకు అది. ఈ పొట్ట, ఈ ఆయాసం, ఈ బ్లడ్ ప్రెషరు, అన్నీ దాని పిల్లలే. ఇంకో సీజను ఇట్లాగే తింటే మీరు నా దాకా రానక్కర్లేదు,” అన్నాడు.

మూర్తి భార్య నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు. నాలుగు రోజులు తిరక్కుండా ఒట్టు తీసి గట్టున పెట్టి జంక్షన్ బస్సెక్కాడు. అందుకే ఇప్పుడు కాశీ. గంగలో మునిగి, ప్రాణానికి ఇష్టమైనదొకటి వదిలేసి వస్తే చచ్చేదాకా మళ్ళీ ముట్టకూడదు. ఆ ఒట్టు గట్టున పెట్టడానికి వీల్లేదు.

పెద్దమ్మాయి పురిటికొచ్చి ఇంట్లో ఉంది గనక పున్నమ్మ కదలడానికి లేదు. తోడు ఎవరన్నదే తేలలేదు.

“అమ్మగారూ!” అని వాకిట్లోంచి కేక వినిపించింది.

యలమంద. జంక్షన్‌లో బజ్జీల బాణలి ముందు కూచునే యలమంద. చంకలో బట్టల మూట ఉంది.

“నువ్వా! ఏం మిగిలిందని వచ్చావు? దారిలో తినడానికి పొట్లం కట్టుకొచ్చావా?”

“కాదండీ, శెట్టిగారికి తోడెళ్దామని వచ్చానండీ.”

“బాగుంది! దొంగచేతికి తాళాలిచ్చినట్టు!”

“తిట్టండమ్మా, పడతాను. ఆయన ఒరిగిపోయింది నా బల్ల మీద. నా చేతి బజ్జీ తింటూ మనిషి పోతే ఆ పాపం ఎక్కడ కడుక్కోమంటారు? వెనకా ముందూ ఎవరూ లేనివాణ్ణి. ఆయన చేత నేనే వదిలిస్తాను. ప్రాణాలతో తెచ్చి మీకప్పగించే పూచీ నాది.”

మూర్తి మంచం మీద లేచి కూచున్నాడు. “బాణలి కూడా తెస్తున్నావట్రా?”

“లేదండీ.”

“ఛ!” అని మళ్ళీ పడుకున్నాడు.

పున్నమ్మ సంచి మూతి బిగించి, మొగుడి చేతికి కాకుండా యలమంద చేతికే ఇచ్చింది.

ఇరవై రెండు రోజులు ఆమె బస్సు స్టాండు చుట్టూ తిరిగింది. ఉత్తరం రాలేదు. ఇరవై మూడో నాడు సాయంత్రం బస్సులోంచి ఎవరో బక్కపల్చటి మనిషి, పంచె జారిపోకుండా చేత్తో పట్టుకుని దిగాడు.

“ఏమండీ! మీరేనా?”

“నేనేనే. సగం అక్కడే పోయింది.”

“వదిలారా?”

“వదిలాను. కాకరకాయ అనేసి బయటపడదామని నోరు తెరిచాను. యలమంద పక్కనే ఉన్నాడుగా! మెడ పట్టుకు ముంచి, ‘శెట్టిగారూ, బజ్జీ అంటేనే పైకి లేపుతా’నన్నాడు. నీళ్ళలో ఎట్లా అననే? నాలుగు గుటకలు మింగి చేత్తో సైగ చేస్తే లేపాడు. ఠక్కున బజ్జీ అన్నాను.”

పున్నమ్మకు నవ్వాగలేదు. ఆ నవ్వులోనే కళ్ళనీళ్ళూ వచ్చాయి. “వాడి కడుపు చల్లగా! మరి తనేం వదిలాడూ? బజ్జీలేనా?”

“వాడు జన్మలో బజ్జీ ముట్టిందెక్కడ! కడుపులో మంటని ఆ జోలికే పోడు. ‘నీ ప్రాణానికి ఇష్టమైంది చెప్పు నాయనా,’ అన్నాడు పంతులు. వీడు మొలలోతు నీళ్ళలో నిలబడి నా వంక చూశాడు. ‘నేనక్కడుంటే ఈయన ముక్కు ఊరుకోదు పంతులుగారూ,’ అన్నాడు. అని మునిగాడు.”

“ఏమని మునిగాడండీ?”

“హనుమాన్ జంక్షన్ అని. కాశీలోనే సత్రం పక్కన పొయ్యి పెట్టుకుని ఇడ్లీలు వేస్తానన్నాడు.”

పున్నమ్మ బస్సులోకి తొంగి చూసింది. కండక్టరు ఒక్కడే ఉన్నాడు.

యలమంద 1961 ఆగస్టులో కాశీ వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.