పదిహేడు, నలభై రెండు

ఆస్పత్రి డ్యూటీ చార్టు వేసే ముప్పై అయిదేళ్ల నాటి ప్రోగ్రాంను కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నుంచి పైథాన్ అనే కొత్త భాషలోకి మారుస్తూ, ఎనిమిది వందల పన్నెండో వరుస దగ్గర ఆగిపోయాను. పదిహేడో నంబరుకూ నలభై రెండో నంబరుకూ ఎన్నడూ ఒకే షిఫ్టు వేయరాదని అందులో ఉంది.

పదిహేడు నా భార్య. నలభై రెండు నేను. ఆరేళ్ల కాపురంలో మేమిద్దరం కలిసి తిన్న భోజనాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ ప్రోగ్రాం రాసింది, ఇక్కడే పనిచేసి రిటైరైన మా అత్తగారు. వెంటనే ఫోన్ చేశాను.

“అత్తయ్యా, మేమేం పాపం చేశాం?”

“అయ్యో, అది మీ కోసం కాదు బాబూ! అప్పట్లో పదిహేడు నేను, నలభై రెండు మీ మామయ్య. మా తర్వాత ఆ నంబర్లు మీకిచ్చారు. ఇద్దరం ఒకేసారి డ్యూటీకెళ్తే చంటిపిల్లనెవరు చూస్తారు?”

“ఆ చంటిపిల్లే ఇప్పుడు నాతో పోట్లాడుతోంది.”

“అయితే తీసిపారెయ్!”

అనువాదంలో ఒక్క వరుసనైనా వదలకూడదన్నది నా నియమం. మొదటిసారి దాన్ని మీరడానికి సంతోషంగా సిద్ధపడ్డాను.

షిఫ్టు మారే వేళ గుమ్మంలో ఎదురైన నా భార్యకు సంగతంతా చెప్పాను. ఆమె పడీపడీ నవ్వింది. తర్వాత తన ల్యాబ్ రిపోర్టును మడిచి నా జేబులో దోపింది.

“ఆ వరుస ఉంచండి. ఇంకో ఏడు నెలల్లో మనకే కావాలి.”