జాక్ లేని ఫోను

చివరి రోజు పొద్దున ఆసుపత్రి మంచం మీద నా భార్య శాంతి కీర్తనలు విన్నది. కాస్త జావ తాగింది. సాయంత్రం పోయింది.

నెల తిరక్కుండా నా ఫోనూ పోయింది. విజయనగరంలో కొన్న కొత్తదానికి ఇయర్‌ఫోన్ జాక్ లేదు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి కదా, తీగ లేకపోతే ధ్వని ఎలా చెడుతుందో కొట్టంతా వినేలా పాఠం చెప్పాను.

కొట్టు యజమాని పైడిరాజు తీగలేని ఇయర్‌ఫోన్లు చేతిలో పెట్టాడు. "ముందు ఇనండి మాస్టారూ, తర్వాత తిడుదురుగాని."

విన్నాను. "సగం వాయిద్యాలే లేవు. చెప్పానా?"

"ఒక సెవిలోనే ఎట్టుకున్నారు, ఇంకేటి ఇనబడతాది? ఆ రెండోది ఎవులికిస్తన్నారు మాస్టారూ?"

చూసుకున్నాను. రెండోది పట్టుకున్న ఎడమ చెయ్యి పక్కకు చాచి ఉంది. పెళ్లయిన నాటి నుంచీ రెండోది శాంతిదే.

రేపు పొద్దున నడకలో రెండూ పెట్టుకుంటాను. ఇన్నాళ్లూ ఆమె విన్న సగం వింటాను.