వంద చీమల ఎత్తు

ఆ వాన అలాంటిలాంటిదా? ఆకాశానికి అడుగు ఊడిపోయిందంతే! దొడ్డిలో నీళ్లు పెరుగుతుంటే, చీమలన్నీ తమ పద్ధతి ప్రకారం గోడవారన నీళ్లలోనే ఒకదాని మీదొకటి నిలబడి లోతు కొలిచాయి. అన్నిటికన్నా పైనున్న ఎర్రచీమ తన ఒంటికి పదింతల గుండెదడతో గోడ పట్టుకుని పరుగెత్తింది.

"కోడి పెద్దమ్మా! నీళ్లు వంద చీమల ఎత్తొచ్చాయి!"

"వందేనా? అన్ని చీమల్ని నేను పొద్దున్నే మింగేస్తానే!" అంటూ కోడి పిల్లల్ని రెక్కల కింద పొదువుకుని కునుకు తీయబోయింది.

కన్నంలోని ఎలుకైతే పొట్ట పట్టుకుని నవ్వింది. "వంద చీమల నీళ్లకి నా తోకైనా తడవదు, పోవే!"

చీమకి సంగతి అర్థమైంది. తన కొలత వీళ్లకి తలకెక్కడం లేదు. ఈసారి వాళ్ల కొలతలోనే అరిచింది.

"పెద్దమ్మా, ఇంకాసేపట్లో నీళ్లు నీ పిల్లల ముక్కులదాకా వస్తాయి! ఎలుక మామా, నీ గుమ్మానికీ నీళ్లకీ నీ మీసమంతే ఎడం!"

అంతే! కోడి తన పిల్లల్నీ, ఎలుక తన పెళ్లాన్నీ తరుముకుంటూ గడ్డివామి మీదికి ఒక్క ఉరుకు ఉరికాయి. వెనకే చీమా ఎక్కింది. కింద దొడ్డంతా సముద్రమైపోయింది.

పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ కోడి అడిగింది. "మీవాళ్లేరే?"

చీమ నీళ్లకేసే చూస్తూ అంది. "ఆ వందా మావాళ్లే, పెద్దమ్మా. కొలుస్తూ ఇంకా కిందే ఉన్నారు."