తల ఊపితే చాలు

“హెడ్‌ఫోన్లు వద్దు బాబూ. వైరు దగ్గరుంటే దీని స్వరం చెదిరిపోతుంది. బాగుంటే అద్దంలోంచి తల ఊపండి, చాలు,” అంది పెద్దావిడ.

ఆమె ముందు రెండు ఇత్తడి కడ్డీలు మొలిచిన చెక్కపెట్టె ఉంది. దానికి తీగల్లేవు, మెట్లు లేవు. చేయి గాలిలోనే కడ్డీకి దగ్గరైతే స్వరం పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా అపస్వరమే. చెవి తప్ప దారి చూపేది మరొకటి లేదు.

అద్దానికి ఇవతలి గదిలో కూర్చున్న రికార్డిస్టుకు గుండెల్లో రాయి పడింది. ఆ చెవే అతనికి లేదు. మాటలు వినిపిస్తాయి. సన్నటి పైస్వరాలు మాత్రం ఆరు నెలలుగా వినిపించడం లేదు. ఆ సంగతి అతనికీ డాక్టరుకీ తప్ప మూడోమనిషికి తెలియదు. పోయిన నెల ఒక పాటలో సన్నగా కూత ఉండిపోయింది. “ఇంకొక్కసారి ఇలా జరిగితే ఆ కుర్చీలో వేరేవాళ్లు కూర్చుంటారు,” అని స్టూడియో యజమాని మొహం మీదే చెప్పాడు. ఇరవై ఏళ్లుగా కూర్చున్న కుర్చీ అది.

ఈవిడ వాయించేదేమో సగం నుంచీ పైపైకే పోతుంది. అక్కణ్నుంచి అతనికి అంతా నిశ్శబ్దం. తెర మీది గీతలు శబ్దం ఎంతుందో చెబుతాయి గానీ ఎలా ఉందో చెప్పవు. అందుకని ఆవిడ మొహం చూడటం మొదలుపెట్టాడు. తప్పు దొర్లితే వాయించేవాళ్లకు తెలియకుండా ఉంటుందా?

కానీ ఆవిడ కూడా అతని మొహమే చూస్తోంది. రెప్పయినా వేయదు. కొంపదీసి కనిపెట్టేసిందా అనుకున్నాడతను.

ఆరుసార్లు వాయించింది. ఆరుసార్లూ చివర్లో దిగులుగా కనుబొమలు ముడిచింది. ఆరుసార్లూ అతను ‘ఇంకొక్కసారి’ అని వేలు చూపించాడు.

ఏడోసారికి అతని మెడ పట్టేసింది. తల పైకీ కిందికీ ఆడించుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ మొహం వెలిగిపోయింది. హమ్మయ్య, ఇదే! అతను బొటనవేలు ఎత్తాడు.

యజమాని తలుపు తోసుకుని వచ్చాడు.

“అయిందా? నువ్వు విన్నావుగా?”

“విన్నాను సార్.”

వినని పాటను విన్నానని చెప్పడం అతనికి అదే మొదలు.

“అయితే నేను మళ్లీ వినక్కర్లేదు. దీనికోసం నాటకం వాళ్లు కాచుక్కూర్చున్నారు.” పాటను అక్కడికక్కడే వాళ్లకు పంపేసి వెళ్లిపోయాడు యజమాని.

పెద్దావిడ ఇవతలి గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“మీతో ఒక మాట చెప్పాలి.”

నా పని అయిపోయింది అనుకున్నాడతను.

“మీ మేలు మరిచిపోలేను బాబూ. ఏడోసారి మీరు తల ఊపకపోతే ఎప్పటికి తెమిలేదో!”

“నేను ఊపడమేంటమ్మా? శ్రుతి కలిసిందో లేదో మీకు తెలీదూ?” అన్నాడు నేల చూపులు చూస్తూ.

అతను మాట్లాడినంతసేపూ ఆవిడ కాస్త వంగి అతని పెదాలనే చూసింది.

“నాకు వినపడక ఏడాదయింది బాబూ.”