మెట్ల కింద గుండీలు

ఆగండాగండి, అప్పుడే పేజీ తిప్పేయకండి. రెండంటే రెండు నిమిషాలు నా మాట వినండి, తర్వాత మీ ఇష్టం.

ఒక అమ్మ. ఆసుపత్రి ల్యాబ్‌లో పని. పొద్దున ఏడింటికి వెళ్తే మళ్ళీ సాయంత్రం ఏడింటికే ఇల్లు.

ఒక నాన్న. బేకరీలో రాత్రి డ్యూటీ. పగలంతా నిద్ర.

వాళ్ళకో ఐదేళ్ళ పాప. వచ్చే ఏడు ఒకటో తరగతికి వెళ్ళాలి.

వెళ్తుందో లేదోనని టీచర్ ఫోన్ చేసింది.

"మీ పాపకి అంకెలు ఎక్కడం లేదండీ. ఐదు దాటితే దిక్కులు చూస్తోంది. ఇంట్లో ఎవరో ఒకరు రోజూ కాసేపు కూర్చోబెట్టాలి. లేదంటే ఇదే క్లాసులో ఇంకో ఏడాది ఉంచేయాల్సి వస్తుంది."

అమ్మ ఇంటికి రాగానే, డ్యూటీకి బయల్దేరుతున్న మొగుణ్ణి గుమ్మంలోనే పట్టుకుంది.

"మధ్యాహ్నం వ్యాను దిగాక నువ్వే చూసుకోవాలి. నాకెక్కడ కుదురుతుంది?"

"సరే సరే, చూద్దాంలే," అంటూ ఆయన చెప్పులు వేసుకున్నాడు.

అంతే. ఆమె నమ్మేసింది.

నమ్మక ఏం చేస్తుంది చెప్పండి? రెండు నెలలు తిరిగేసరికి పాప మెట్లెక్కుతూ ఇరవై దాకా లెక్కపెడుతోంది! చెంచాలన్నీ పెద్దవీ చిన్నవీ విడదీసి వరుసగా పేరుస్తోంది!

"మా ఆయనకి ఇన్నాళ్ళకి బాధ్యత తెలిసొచ్చింది," అని ల్యాబ్‌లో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది అమ్మ.

వాళ్ళుండే బిల్డింగ్ మెట్ల కింద ఒక ముసలావిడ కుట్టు మెషీన్ పెట్టుకుని ఉండేది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం. అందరికీ ఆవిడ 'కుట్టు మామ్మ'. అంతకు మించి ఆవిడ గురించి ఎవరికీ ఏమీ తెలీదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. పై గుమ్మాల్లో అనుకునే మాటలన్నీ ఆవిడకి మాత్రం వినపడేవి.

ఒకరోజు ల్యాబ్‌లో యంత్రం మొరాయించి, అమ్మ మూడింటికే ఇంటికొచ్చేసింది.

చూస్తే ఏముంది, మామ్మ మెషీన్ పక్కన నేలమీద పాప! ముందు గుట్టగా గుండీలు. చేతులకి మెషీన్ నూనె మరకలు.

"ఏమే, ఇక్కడేం చేస్తున్నావ్?"

"గుండీలు ఏరుతున్నానమ్మా. డబ్బాకి పదేసి వేయమంది మామ్మ."

అమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఏంటి మామ్మా ఇది? మా పిల్లని పనిలో పెట్టుకున్నావా?"

"అయ్యో, పని కాదు తల్లీ. టీచరమ్మ గారు..."

"టీచర్ సంగతి నీకెందుకు? అక్కడ వాళ్ళ నాన్న నిద్ర మానుకుని చదువు చెప్తుంటే, నువ్వేమో చాకిరీ చేయించుకుంటావా?"

మామ్మ తలెత్తి పైకి చూసింది. పాపవాళ్ళ తలుపు మూసి ఉంది. ఏదో చెప్పబోయి మింగేసింది.

"తప్పయిపోయింది తల్లీ. పిల్ల ముందు అరవకు," అంది.

పోనీ అమ్మ అక్కడితో ఊరుకుందా? లేదు. బిల్డింగ్ సెక్రటరీ దగ్గరికెళ్ళి పెద్ద రభస చేసింది. దారికి అడ్డమంది, ఈరోజు మా పిల్ల, రేపు మీ పిల్ల అంది. వారం తిరక్కుండా మామ్మ మెషీన్ తోపుడు బండెక్కింది.

ఎక్కడికి మామ్మా అని ఒక్కరు అడిగితే ఒట్టు.

నెల తర్వాత బడిలో తల్లిదండ్రుల మీటింగ్. పిల్లల పొట్టి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా అందరూ ముడుచుకుని కూర్చున్నారు. పిల్లలు ముందు చాప మీద.

టీచర్ అమ్మని చూసి వెలిగిపోయింది.

"మీ పాప ఒకటో తరగతికి వెళ్ళిపోతోందండీ! ఇంట్లో చేయించడమంటే ఇలా ఉండాలి."

"అంతా మా ఆయన చలవండీ," అంటూ అమ్మ గర్వంగా పక్కకి తిరిగింది.

ఆయన తెల్లముఖం వేశాడు. "నేనా? నాకు పడుకుంటే ఒళ్ళు తెలుస్తుందా? తలుపు తీసి మళ్ళీ పడుకునేవాణ్ణి. నువ్వే సాయంత్రాలు చెప్తున్నావనుకున్నా," అని గొణిగాడు.

టీచర్‌కి అది వినపడలేదు.

"మీకు తీరిక లేకపోయినా ప్రతి సోమవారం ఆ పెద్దావిడని పంపేవారు చూడండి, అదీ శ్రద్ధంటే! పాపం ఆవిడకి చదువు రాదు. ఆ వారం ఏం చేయించాలో నేను రెండుసార్లు చదివితే, వేళ్ళు మడిచి గుర్తుపెట్టుకుని మళ్ళీ నాకే అప్పజెప్పేది. 'వాళ్ళమ్మకి చెప్పాలి, ఒక్క ముక్క పోయినా ఊరుకోదు' అనేది!"

టీచర్ చెప్పుకుంటూ పోతోంది.

"పోయిన నెల వచ్చి, ఇక రానంది. ఏం మామ్మా అంటే, 'ఇప్పుడు వాళ్ళమ్మకి తీరిక దొరికింది, తనే వస్తుంది' అంది."

టీచర్ ఫైలు తెరిచింది. వారానికొకటి, పన్నెండు కాగితాలు. ప్రతి కాగితం అడుగున 'ఇంట్లో చేయించినవారు' అన్న గడి.

పన్నెండు గడుల్లోనూ ఒకటే మాట. అమ్మ.

"రాసింది నేనేలెండి. ఆవిడే రాయించేది. 'అమ్మ అని రాయండి టీచరమ్మా, పెద్దయ్యాక చూసుకుంటే పిల్లకి ఎంత బావుంటుందో' అనేది."

గదిలో చప్పట్లు మొదలయ్యాయి.

"రండి రండి, సిగ్గెందుకు? ఎలా చేయించారో మిగతా అమ్మలకి రెండు ముక్కలు చెప్పండి!"

అమ్మ లేచి నిలబడింది. చాప మీంచి పాప కళ్ళార్పకుండా తననే చూస్తోంది.

మీరైతే ఏం చెప్తారు?