నారాయణగూడ బుగ్గయ్య ఇల్లెక్కడ?

ఆగండాగండి, ఎటు పోతున్నారు? ముందు ఈ గొంతు వినండి!

"గా బండ్లు లేపాల్సిందే! ఫుట్‌పాత్ మీద నడిచే జాగ లేదు. నేను నారాయణగూడ బుగ్గయ్యను. ఎవ్వనికీ భయపడ!"

అశోక్‌నగర్‌లో ఇడ్లీ బండి మీదున్న చిన్న రేడియోలోంచి వస్తోంది ఆ ముసలి గొంతు. బండి మాసమ్మది. గరిటెతో రేడియోనే ఒక్కటి ఇచ్చేలా చూస్తోంది.

టిఫిన్ బండ్లు ఉండాలా, తీసెయ్యాలా? లోకల్ రేడియో స్టేషన్లో వారం నుంచి పొద్దున్నే, ఫోన్ చేసే జనంతో ఇదే రచ్చ. జనం ఏమంటే అదే చేస్తామని మున్సిపాలిటీ పెద్ద సారొకాయన రేడియోలోనే మాటిచ్చాడు. బండి పోతే మాసమ్మకు ఇంకో ఆధారం లేదు.

"భయమెందుకక్కా? నువ్వు మాట్లాడు, లైన్ నేను కలుపుత," అని ధైర్యం చెప్పింది అఖిలే. గ్రూప్స్‌కు చదువుతున్నాడట. ఆమె ఇడ్లీ పడందే అతనికి తెల్లారదు. ఆమె ఫోన్లో నంబరు కొట్టిచ్చి, "క్లాసుకు లేటైతుందక్కా!" అంటూ ఉరికేవాడు.

ఆమె మాట్లాడి ఫోన్ పెట్టేసిన కాసేపటికే రేడియోలో బుగ్గయ్య దిగేవాడు.

"అక్కా, నీ దగ్గర వాళ్లు పట్టుకునే తప్పేమన్న ఉందా? ముందే చెప్పు, జవాబు తయారు చేసుకుందాం," అన్నాడు అఖిల్ ఒకరోజు.

"ఏముంటది తమ్మీ? నల్లా రాని నాడు ఒక్క బకెట్ నీళ్లల్లనే ప్లేట్లన్నీ కడిగిన. ఎవ్వరికీ చెప్పకు, ఇజ్జత్ పోతది."

"ఒట్టక్కా!"

మర్నాడు బుగ్గయ్య రెచ్చిపోయాడు. "ఒక్కటే బకెట్! ప్లేట్లన్నీ గందులనే! మీరు తినేది ఇడ్లీ కాదు, రోగం!"

బండి చుట్టూ ఉన్నవాళ్లు ప్లేట్లు సగంలోనే వదిలేసి జారుకున్నారు.

మాసమ్మకు ఏడుపొచ్చింది. "ఈ ముసలోడు ఏడ నిలబడి చూసిండు?" తర్వాత కోపమొచ్చింది. రాత్రంతా మథనపడి, ఓ నిర్ణయానికొచ్చింది.

పొద్దున బండి పెట్టలేదు. వేడివేడి ఇడ్లీలు, అల్లం చట్నీ పొట్లం కట్టుకుని చిక్కడపల్లిలో ఉన్న స్టేషన్‌కు నడిచింది.

"అన్నా, బుగ్గయ్య ఇల్లెక్కడ? ఒక్కసారి నా చేతి ఇడ్లీ తింటే ఆయన మనసు మారుతదేమో."

వాచ్‌మన్ కురుమయ్య పడీపడీ నవ్వాడు. "ఇల్లేందక్కా? తిట్టేటోళ్లు ఫోన్ చెయ్యకుంటే మా స్టేషన్‌కు ఆయనే దిక్కు. కొట్లాట లేకపోతే రేడియో ఎవడింటడు? గా అద్దాల గదిల కూసున్నడు, పోయి కలువు!"

అద్దం అవతల, ఫోన్‌కు కర్చీఫ్ అడ్డం పెట్టి, "నేను నారాయణగూడ బుగ్గయ్యను!" అని ముసలి గొంతుతో అరుస్తున్నవాడు అఖిలే అయితే, ఇవతల ఇడ్లీ పొట్లంతో నిలబడ్డది మీరే అయితే, ఏం చేసేవారు?